కోచ్ సాబ్ పళ్లు

ఐసు మీదికి దిగేముందు ఆయన ముందరి పెట్టుడు పళ్లు నాలుగూ తీసి నా చేతిలో పెట్టేవాడు. చలిదేశంలో ఐస్ హాకీ ఆడి బతికిన మనిషి. అసలు పళ్లు అక్కడే ఎవరి కర్రకో సమర్పించుకుని, బహ్రెయిన్‌లో పిల్లలకు ఆట నేర్పడానికి వచ్చాడు. ఆ ఐసు మైదానం చుట్టూ నేల తుడిచే డ్యూటీ నాది. గుడి దగ్గర చెప్పులకు కాపలా ఉంటారు, నేను పళ్లకు ఉన్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని ఇంతకంటే ఎవరు నమ్ముతారు?

"పళ్లకి కూడా ఓవర్‌టైం ఇస్తారా తమ్ముడూ?" అనేది నాతో పనిచేసే కాకినాడ అక్క.

"ఇయ్యరక్కా. కరవకుంటే అదే చాలు."

ఒక శుక్రవారం పెద్దవాళ్ల ఆటలో ఒక మనిషి తక్కువయ్యాడు. కోచ్ సాబ్ మోకాలు అప్పటికే పాడైంది. ఇంకోసారి పడితే నడక కష్టమని సల్మానియా ఆసుపత్రిలో డాక్టరు చెప్పినప్పుడు ఆయన సంచీ పట్టుకుని పక్కనే ఉన్నాను. అయినా కత్తుల బూట్లు బిగించి, పళ్లు తీసి నా వైపు చెయ్యి చాచాడు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మా ఇద్దరిదీ వచ్చీరాని హిందీ.

"నేను వట్టుకోను సాబ్. ఖలాస్."

"ఐదు నిమిషాలే భాయ్," అన్నాడు బోసినోటితో.

"పడనీకి ఐదు నిమిషాలెందుకు సాబ్?"

ఆయన ఐసు వైపు కాసేపు చూసి, పళ్లు నోట్లో పెట్టుకుని, నా పక్కన కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పేసరికి ఆట అయిపోయింది.