సున్నం షావుకారు కారు మీది గీతలు

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. షావుకారు కొట్టుకు వెళ్లి చెప్పాను, వినలేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మా ఊరి కార్ల యజమానుల వాట్సాప్ గ్రూపులో జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. అందరూ చూశారని గుర్తులు పడ్డాయి. దాని కింద ఒకాయన గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పెట్టాడు. ఆ పువ్వుకి మాత్రం వరసగా దండాలు వచ్చాయి. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా పని తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా రాస్తాను. అర్థం కాలేదనే సాకు ఎవరికీ మిగలకూడదు.

2023 వేసవి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన నా షెడ్డు. నన్ను ఈ ఊళ్లో చాలామంది కార్లు కడిగేవాడు అంటారు. నేను చేసేది పెయింట్ కరెక్షన్. కారు రంగు మీద పడిన సన్నటి గీతలను మెషిన్ పాలిషింగ్‌తో తీస్తాను. ఆ తేడా ఎంత చెప్పినా ఎవరికీ పట్టదు.

ఆ వేసవిలో సున్నం వ్యాపారం చేసే శేషగిరి గారు తన నల్ల కారును నా దగ్గరకు పంపించారు. పెట్రోలు బంకులో కారు ఎండలో నిలబడి ఉంటే తోటి వ్యాపారి ఎవరో, "ఏంది షావుకారూ, బండి మీద సాలీడు గూడు కట్టిందే?" అని నవ్వాడట. ఆయన తట్టుకోలేకపోయారు.

సాలీడు గూడులా కనిపించే వాటినే మా పనిలో స్విర్ల్ మార్క్స్ అంటాం. కారు రంగు మీద క్లియర్ కోట్ అని గాజులాంటి సన్నటి పొర ఉంటుంది. దుమ్ము ఉండగా పొడి గుడ్డతో తుడిస్తే, ఆ దుమ్ము రేణువులే ఆ పొరను గీస్తాయి. నీడలో ఏమీ కనపడదు. ఎండ పడితే మాత్రం వెలుగు చుట్టూ వలయాలు వలయాలుగా బయటపడతాయి. తెల్ల కారు అయితే కొంత దాచుకుంటుంది. నలుపు ఏదీ దాచుకోదు.

కారు తెచ్చింది డ్రైవర్ కోటయ్య. ఈపూరు మనిషి, యాభై దాటినవాడు. షావుకారు దగ్గర చాలా ఏళ్లుగా ఉన్నాడు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. రోజూ షావుకారును పిడుగురాళ్ల సున్నం బట్టీలకు తీసుకెళ్లి తీసుకురావడం అతని పని. తిరిగి వచ్చేసరికి కారు మీద బూడిద పోసినట్టు సున్నం దుమ్ము. తెల్లారి షావుకారు గడప దాటేలోగా కారు తళతళలాడాలి. మా వైపు డ్రైవర్లకు అదొక పట్టింపు. దుమ్ముకొట్టుకున్న బండిని యజమాని ముందు నిలబెడితే డ్రైవర్‌కే తలవంపు.

"నా బండికేంది రోగం? అద్దంలా ఉంటే ఆస్పత్రికి తోలమన్నాడు," అన్నాడు తాళం ఇస్తూ.

"అద్దమే బాబాయ్. కాకపోతే గీతలు పడ్డ అద్దం. ఎండలోకి రా చూపిస్తా."

"నా కళ్లజోడుకి కూడా గీతలున్నయ్యి. ఏయి దేనియ్యో నువ్వే తేల్చుకో అబ్బాయ్," అని నవ్వాడు.

వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు. స్టూల్ వేసుకుని కూర్చున్నాడు. నేను ముందు నీళ్లు ధారగా కొట్టి దుమ్మంతా కార్చేశాను. షాంపూతో కడిగాను. తర్వాత క్లే బార్ అనే జిగురు ముద్దతో రుద్ది, రంగును పట్టుకుని ఉన్న సున్నం గరుకును లాగేశాను. పెయింట్ మందం చూసే గేజ్ పెట్టి ప్రతి భాగంలోనూ పొర ఎంత మిగిలిందో చూశాను. ఇది ముఖ్యం. పాలిషింగ్ అంటే గీతలను పూడ్చడం కాదు. గీత అడుగుదాకా చుట్టూ ఉన్న పొరను చెక్కి సమం చేయడం. చెక్కిన పొర మళ్లీ రాదు. ఒక కారుకు ఈ పని కొన్నిసార్లే చేయగలం.

బానెట్ మధ్యలో టేపు అంటించి ఒక పక్కనే నమూనాగా టెస్ట్ స్పాట్ చేశాను. ముందు మెత్తటి ప్యాడ్‌తో చూసి, గీతలు వదలకపోతేనే కాస్త గరుకు ప్యాడ్‌కు వెళ్లాలి. డ్యుయల్ యాక్షన్ పాలిషర్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది. అందువల్ల ఒకేచోట వేడి పుట్టి రంగు కాలిపోయే ప్రమాదం తక్కువ. కాంపౌండ్ అనే పాలిష్ పేస్టు చుక్కలు పెట్టి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, తొందర లేకుండా నడపాలి. బరువు వేసి అదమకూడదు. చివరికి స్పిరిట్‌తో తుడిచి లైటు వేయాలి. కాంపౌండులోని నూనె గీతలను కప్పేస్తుంది. అది పోతేనే అసలు పని బయటపడుతుంది.

లైటు వేసి కోటయ్యను పిలిచాను. టేపుకు ఒక పక్క నల్లటి నీళ్లలా ఉంది. రెండో పక్క తీగల చుట్టలు.

అతను వంగి చాలాసేపు చూశాడు. వేలితో ముట్టుకోబోయి ఆగాడు.

"ఈ పక్కదంతా నేను తుడిచిందేనా?"

"దుమ్ము చేసింది బాబాయ్. పొడిగా తుడిస్తే ఎవరు తుడిచినా అంతే."

"పొద్దున్నే లేచి నేను చేసింది ఇదన్నమాట," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

కారు తీసుకోవడానికి శేషగిరి గారు స్వయంగా వచ్చారు. ఎండలోకి తీయించి చుట్టూ తిరిగి చూశారు. బాగుందని అనలేదు. అనరు. అది నాకు అలవాటే కానీ మర్చిపోలేదు.

"ఇయ్యి ఎట్టా పడ్డయ్యి?" అని అడిగారు.

ప్రతి కారు అప్పగించేటప్పుడు చెప్పే మాటే ఆయనకూ చెప్పాను. "పొడి గుడ్డతో తుడవొద్దండీ. ముందు నీళ్లు కొట్టి దుమ్ము కార్చాలి. ఆ తర్వాతే గుడ్డ. లేకపోతే మళ్లీ పడతాయి."

కోటయ్య పక్కనే ఉన్నాడు. షావుకారు అతని మొహం వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు వైపు చూశారు. కారెక్కి వెళ్లిపోయారు.

తర్వాత కొన్నాళ్లకు అదే కారును వేరే మనిషి తోలుకుంటూ పోవడం కనిపించింది. ఆరా తీస్తే, లక్ష రూపాయల రంగు గీకి పాడుచేశాడని కోటయ్యను మాన్పించారని తెలిసింది. అది చెప్పిన డ్రైవర్ నా మొహం మీదే అన్నాడు: "నువ్వే చెప్పావంట గదా. పాలిష్ ఆయన చూసి తేల్చాడని షావుకారు బజారంతా చెప్తన్నాడు."

నేను అలా చెప్పలేదు. నేను చెప్పింది గుడ్డ సంగతి. ఎలా కడగాలో చెప్పాను. ఎవరిని తీసేయాలో నన్ను ఎవరూ అడగలేదు, నేను చెప్పనూ లేదు.

కోటయ్య శావల్యాపురంలో కూతురి ఇంట్లో ఉన్నాడంటే వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూతురు మంచినీళ్లయినా ఇవ్వలేదు. "ఇంకేం చూసిపోదామని వచ్చావ్ అన్నా? మా నాన్న మొహం మీద కూడా లైటేసి చూస్తావా?" అంది.

"ఊరుకోయే," అని ఆమెను కసిరి, నాతో మెల్లగా అన్నాడు. "నీళ్లు కావాలని నాకు తెలవదంటావయ్యా? ఎన్నిసార్లు అడిగా. బండి పెట్టేది ఇంటి కింద గోడౌన్ ముందే. సున్నం బస్తాలు. అక్కడ నీళ్లు పడితే బస్తాలు పొగలు కక్కుతయ్యి. 'బకెట్ గేటు లోపలికి తెచ్చావంటే చూడు' అనేవాడు. బయట కడిగించుకొస్తానంటే టైము దండగ అనేవాడు. తెల్లారేసరికి బండి మాత్రం మెరవాలి. ఇంక తువ్వాలు కాకపోతే దేంతో తుడవాలి?"

"ఆ మాట ఆయనతో అనకపోయావా?"

"అన్నం పెట్టినోణ్ణి నడిబజార్లో నిలదీయమంటావా? అయినా ఇప్పుడు నన్నెవరు పిలుస్తారు? బండి గీకే డ్రైవరని పేరుబడ్డాక."

అతను అన్నది నిజమే. మా ఊరి కొట్లలో ఒక డ్రైవర్ గురించి ఒక షావుకారు ఒక మాట అంటే, మిగతా షావుకార్లకు అదే సర్టిఫికెట్. ఎవరూ పిలవలేదు.

అక్కణ్ణించి నేరుగా శేషగిరి గారి కొట్టుకు వెళ్లాను. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు. గోడౌన్ సంగతి, నీళ్ల సంగతి చెప్పాను. కోటయ్య తప్పు లేదని ఆ బజార్లోనే ఒక్క మాట అనమని అడిగాను.

"నీ పని కార్లు తుడుచుకోవడం. నా ఇంటి మనుషుల సంగతి నీకేందయ్యా?" అన్నారు.

"నా పేరు చెప్పి తీసేశారండీ. అందుకే నా సంగతైంది."

"నువ్వు చెప్పింది అబద్ధమా మరి?"

"నిజమే చెప్పా. మీరు సగం విన్నారు."

ఆయన ఫోన్ ఎత్తి ఎవరితోనో రేట్లు మాట్లాడటం మొదలుపెట్టారు. నేను నిలబడ్డాను. ఆ ఫోన్ అయ్యాక ఇంకో ఫోన్. చివరికి గుమస్తా వచ్చి, "ఎల్లు అన్నా, ఎందుకు పరువు పోగొట్టుకుంటావ్," అన్నాడు. ఆ రోజు నిలబెట్టిన సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోను. అప్పటినుంచి డ్రైవర్లు నా షెడ్డుకు కారు తేవాలంటే జంకుతున్నారు. ఈయన దగ్గరికి పోతే మన ఉద్యోగం పోతుందని చెప్పుకుంటున్నారట.

మొన్నామధ్య పల్నాడు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆ నల్ల కారు నా పక్కనే ఆగింది. మిట్టమధ్యాహ్నం ఎండ. బానెట్ నిండా వలయాలు, నేను తీసిన వాటికన్నా ఎక్కువ. కొత్త డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి చాపి, పొడి గుడ్డతో అద్దం కింద తుడుస్తున్నాడు. అతనికీ గేటు లోపల బకెట్ ఇవ్వలేదన్నమాట. మనిషి మారాడు, గోడౌన్ ముందు పద్ధతి మారలేదు, గీతలు వచ్చాయి. ఈసారి మెషిన్ పెడితే తీయడానికి ఆ పొర ఎంత మిగిలి ఉంటుందో నాకు అనుమానమే.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. ఇప్పుడు కారు వస్తే ముందు గేజ్ తీయను. ఎవరు తుడుస్తారు, ఎక్కడ తుడుస్తారు, అక్కడ నీళ్లు వాడనిస్తారా అని యజమానినే అడుగుతాను. జవాబు డ్రైవర్ వినేలా గట్టిగా చెప్పిస్తాను. కొందరికి కోపం వచ్చి కారు తిప్పుకుని వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

కోటయ్య ఇప్పుడు ఒక కంకర క్రషర్ దగ్గర గేటు కాపలా ఉంటున్నాడు. స్టీరింగ్ పట్టుకోవడం లేదు. నేను ఎదురుపడితే తల తిప్పుకుంటాడు.

శేషగిరి గారూ, ఇది మీ దాకా వస్తుందని నాకు తెలుసు. గీతలు ఎలా పడ్డాయని మీరు అడిగితే నేను జవాబు చెప్పాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను, మీరు చెప్పండి. కోటయ్య మిమ్మల్ని నీళ్లు అడిగాడా, లేదా?