మొగులయ్య తీగ

తీగ లేకుండా పనిచేసే వస్తువంటే మొగులయ్యకు నమ్మకం లేదు. అసలు పని చేయదంటాడు. కళ్లముందు పనిచేసి చూపిస్తే, అది మనల్ని మోసం చేయడానికే అంటాడు.

వాళ్ల ఊరు శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడకు అవతల. పొద్దంతా ఇళ్ల మీదుగా విమానాలు దిగుతుంటాయి. ఊరు వాటిని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. మొగులయ్య మాత్రం ప్రతి విమానానికీ తలెత్తి, "పైనించి దాన్ని పట్టుకున్నదెవరు?" అంటాడు. టీవీ రిమోట్‌ను తాడేసి టీవీకే కట్టాడు. సెల్‌ఫోన్‌లో మాట్లాడాలంటే చార్జర్ తీగ తగిలించి, గుంజకు కట్టిన దూడలా గోడ పక్కన నిలబడతాడు. మధ్యలో కరెంటు పోతే, "కరెంటు వాయె. ఇగ నా మాట నీకు వినపడది" అని పెట్టేస్తాడు. ఆ మాట శుభ్రంగా వినపడిందని చెప్పే అవకాశం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

2011లో పెళ్లిళ్ల రోజుల్లో ఊళ్లో రెండిళ్ల తాళాలు పగిలాయి. అలారం పెట్టించాల్సిందేనని మొగులయ్య భార్య తారాబాయి పట్టుబట్టింది. మేనల్లుడు అరవింద్ అప్పుడే ఆరాంఘర్‌లో అలారాల దుకాణం తెరిచాడు. మామ ఇంట్లో వైర్‌లెస్ అలారం మోగిందంటే ఊరంతా తన దుకాణానికే వస్తుందని ఆశపడి, ఒక సంచిలో తీగలవీ మరో సంచిలో తీగలు లేనివీ తెచ్చాడు.

"గిది తలుపుకు అంటిస్తం మామా. తలుపు తెరిస్తే గా సైరన్ డబ్బాకు చెప్తది."

"ఏం చెప్తది? నువ్వు విన్నవా?"

"మనకు వినపడది. గాలిల పోతది."

"గాలిల పొయ్యేది మనింట్లకే వస్తదని ఏం నమ్మకం? ఎదురింటి శివయ్య ఇంట్లకు పోతే?"

"పోదు మామా! లోపల బ్యాటరీ సెల్లుంటది, దాంతోని నడుస్తది."

"సెల్లు అయిపోయిననాడు దొంగకు ఏం చెప్తవు? జర ఆగు, దుకాణం పోయి సెల్లు తెస్తనంటవా?"

అరవింద్ దారి మార్చాడు. "తీగను ఎలుక కొరికితే?"

"కొరికితే కనపడతది. నీ గాలిని ఎవడు కొరికిండో నేనేడ వెతకాలె?"

"మొన్ననే సున్నం ఏయించిన!" అంది తారాబాయి లోపలినుంచి. "గోడలకు తూట్లు పొడిస్తే ఊరుకోను, ఇద్దరికీ చెప్తున్న!"

ఆ కేకలు పక్కింటి స్వరాజ్యానికి కూడా వినబడ్డాయి. ఆమె వితంతువు, పిల్లల్లేరు, ఎవరి సాయమూ తీసుకోదు. గిన్నెడు కూర పంపితే గిన్నెడు చక్కెర తిరిగొస్తుంది. మొన్న చలికాలంలో పెరట్లో బట్టలుతికే జాలారి దగ్గర జారిపడి, మధ్యాహ్నం దాకా లేవలేకపోయింది. పరామర్శకు వెళ్లినవాళ్లను గడప దాటనివ్వలేదు. తోడుంటానన్న తారాబాయిని "నేనేమన్న పసిపిల్లనా?" అని కసిరింది. మళ్లీ పడితే ఆమె గతేమిటన్న భయం వాడకట్టులో అందరికీ ఉంది. ఆమెతో ఆ మాట అనే ధైర్యమే ఎవరికీ లేదు.

చివరికి తీగే గెలిచింది. అరవింద్ నిట్టూర్చి గోడలకు తూట్లు పొడిచాడు. పని అయిందనుకుంటుండగా మొగులయ్య తీగచుట్ట భుజాన వేసుకుని స్వరాజ్యం గుమ్మం ముందుకు వెళ్లాడు.

"అక్కా, పొద్దంత మేం పొలంకాడ ఉంటం. ఇంటిమీద ఒక కన్నేసి ఉంచాలె. ఒక తీగ నీ ఇంట్లకు గుంజుతం, కొసకు బటన్ ఉంటది. దొంగ కనపడితే ఒత్తు, మా ఇంట్ల సైరన్ మోగుతది."

స్వరాజ్యం నడుం నిటారుగా చేసుకుంది. "నేను గాకుంటే ఎవరు జూస్తరు తియ్యి. పెట్టుకోండ్రి."

ఒక బటన్ మంచం పక్కన పెట్టించాడు. రెండోది జాలారి గోడకు, మోకాలి ఎత్తున.

"గింత కిందనా మామా?" అన్నాడు అరవింద్. "దొంగ పాక్కుంట వస్తడా?"

"ఆమె కూసోని బట్టలు ఉతుకుతది. గప్పుడే దొంగ వస్తే?"

వాదించి లాభం లేదని అరవింద్ బిగించేశాడు. ఆనాటినుంచి మొగులయ్యకు కొత్త పని పడింది. పొద్దున్నే పొలం పోయేముందు గోడవెంట తీగను వేలితో తడుముకుంటూ స్వరాజ్యం ఇంట్లోకి వెళ్లి, "తీగ మంచిగుందా అక్కా?" అని అడిగి, చాయ్ తాగి వచ్చేవాడు. తీగను ఇంత ముద్దు చేసేవాణ్ని ఎక్కడా చూడలేదని ఊరు నవ్వుకుంది.

వానాకాలంలో ఒక పొద్దున, అరవింద్ కూడా మామతో పొలంలో ఉండగా, సైరన్ మోగింది. ఊరు ఊరంతా కర్రలతో మొగులయ్య ఇంటిని చుట్టుముట్టింది. మొగులయ్య పొలంనుంచి ఉరికొచ్చి, సొంత ఇంటివైపు కన్నెత్తి చూడకుండా పక్కింట్లోకి దూరాడు. వెనకే అరవింద్ కూడా. స్వరాజ్యం జాలారి దగ్గర కాలు పట్టుకుని కూర్చుని ఉంది. చేయి ఇంకా బటన్ మీదే ఉంది.

"దొంగ వచ్చిండు మొగులయ్యా," అంది, ఎటో చూస్తూ. "ఎనకవడి ఉరికిన. కాలు జారింది."

"ఎట్లుండె వాడు?"

"ఎర్రంగి."

"వాడే! నిన్ను చూసి దడుచుకొని ఉరికిండు. మా ఇంటి కావలిల కాలు బెణికింది గనక దవాఖాన ఖర్చు నా జిమ్మ. కాదనకు అక్కా."

ఆమె కాదనలేదు.

కట్టు కట్టించుకుని వచ్చాక అరవింద్ మామను పక్కకు పిలిచాడు. "ఆమె కోసమని ముందే చెప్తే అయిపోతుండె గద మామా! తీగ లేని బటన్ గూడ ఉంటది. గోడలన్నీ కరాబు చేయిస్తివి."

"ఉంటదిరా. గని తీగ లేకుంటే రోజూ ఏమని పోవాలె ఆమె ఇంట్లకు? ఎట్లున్నవని అడగవోతే తిడతది. తీగ ఎట్లున్నదంటే చాయ్ పోస్తది."

అరవింద్‌కు తన దుకాణంలో ఉన్న సామానంతా కలిపినా ఈ మనిషి బుర్రకు సరిరాదనిపించింది. ఆ గౌరవం అట్లా ఉండగానే నెత్తిమీదుగా విమానం వెళ్లింది, మొగులయ్య తలెత్తి "ఎవడు పట్టుకున్నడో" అన్నాడు.

మర్నాడు ముసురు పట్టింది. మొగులయ్య గడప దాటకుండా చార్జర్ పక్కన నిలబడి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. గోడ అవతలినుంచి స్వరాజ్యం గొంతు ఖంగుమంది.

"మొగులయ్యా! చాయ్ సల్లారుతున్నది. ఇయ్యాల తీగ చూడనీకి రావా ఏంది?"