చిన్నపడవలో వాల్రస్

తూర్పు గ్రీన్‌లాండ్‌లో మా ఊరివాళ్ళు, దూరంగా ఏదైనా కదిలితే ముందు మా సలోమినె పెద్దమ్మ ముఖం చూస్తారు. ఆమె తండ్రి వేటగాడు. మంచు మీద ఎండకు ఆయన చూపు త్వరగానే మందగించింది. అప్పటినుంచి పడవ ముందు కొసన కూర్చుని, నీళ్ళలో సీల్ జంతువు ఎటుందో, మంచుగడ్డ ఎటు తిరుగుతోందో ఆమే చెప్పేది. అలా చెప్పీ చెప్పీ ఆమెవి డేగకళ్ళయ్యాయి. నోరు మాత్రం మూతపడడం మరిచిపోయింది.

ఎఫ్రయిమ్ పెదనాన్నను పెళ్ళాడింది. తెరచాప పడవ నడపడంలో ఆయనకు సాటి లేరు గానీ, బండరాయిని చూసి కస్తూరి ఎద్దనే మనిషి. వేసవిలో మంచు విడిపోగానే ఇద్దరూ మా ప్రాంతం చూడవచ్చినవాళ్ళను పడవ ఎక్కించుకుని ఫియోర్డ్‌లోకి, కొండల మధ్య ఇరుకు నీళ్ళలోకి తీసుకెళ్ళేవారు. వంటకు నేనుండేదాన్ని.

ఒకరోజు గాలి పడిపోయి పడవ నిలిచిపోయింది. పెద్దమ్మ ముందు కొసన నిలబడి, అవతలి ఒడ్డున తెల్ల ఎలుగుబంటి ఉందని వేలు చూపిస్తోంది. అతిథులు కళ్ళు చికిలించి, కనబడినట్టే తలలూపుతున్నారు. వెనక చుక్కాని దగ్గర కూర్చున్న పెదనాన్న నెమ్మదిగా అన్నాడు.

“సలోమినే, మన చిన్నపడవలో ఎవరో పడుకున్నారు.”

“ఎవరైతే ఏం, కాఫీ ఇవ్వు” అంది ఆమె, తల తిప్పకుండానే.

“ఇస్తాను గానీ, కోరలున్నాయి. కప్పు ఎటునుంచి అందించాలి?”

అందరం వెనక్కి తిరిగాం. ఒడ్డుకు దిగడానికి తాడుతో కట్టుకున్న చిన్నపడవ నిండా వాల్రస్, ఏనుగులా కోరలున్న భారీ సముద్రజంతువు. నీళ్ళు అంచుదాకా వచ్చాయి. అది మాత్రం కొత్తల్లుడిలా గుర్రు పెడుతోంది.

ఊరంతటికీ కూరవుతుందని గొణుగుతూ పెదనాన్న తుపాకీ కేసి చెయ్యి చాపాడు.

“చూడ్డానికొచ్చినవాళ్ళ కళ్ళెదుటే కోస్తావా? కూర్చోవయ్యా” అంది పెద్దమ్మ.

ఆయన గిన్నె మోగించి చూశాడు. అది ఒక కన్ను తెరిచి, త్రేన్చి, మళ్ళీ మూసింది. కర్రతో కదిలిస్తానంటే, కోపమొస్తే పడవనే చీల్చేస్తుందని పెద్దమ్మ ఒప్పుకోలేదు. చేసేదేమీ లేక నేను సూప్ పెట్టాను. ఎలుగుబంటిని అందరూ మరిచిపోయారు.

సాయంత్రానికి వాల్రస్ ఒళ్ళు విరుచుకుని నీళ్ళలోకి జారింది. చిన్నపడవ బోర్లాపడి, తెడ్డొకటి కొట్టుకుపోయింది. ఎంత కడిగినా ఆ చేపల కంపు మంచు పడేదాకా వదల్లేదు.

తిరుగుదారిలో పెద్దమ్మ ఉలకలేదు, పలకలేదు. ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరికెళ్ళాను.

“నా వీపు వెనకే ఎక్కిందే. దాన్ని చూసింది ఎవరు? ఈయన!” అంది. ఇక నవ్వు ఆపుకోలేక, పక్కనున్న తాళ్ళచుట్ట మీద కూలబడింది.

ఆ చలికాలమంతా పెదనాన్న ఇంటింటా కాఫీ తాగుతూ ఈ కథే చెప్పాడు. గడప మారినప్పుడల్లా వాల్రస్ ఇంకాస్త పెరిగేది. ఆయన్ని ఏనాడూ మాట పూర్తి చెయ్యనివ్వని పెద్దమ్మ పక్కనే కూర్చుని, చివరిదాకా వినేది. నిజమేనా అని ఎవరైనా తనను అడిగితే, “ఆయన్నే అడగండి. చూసింది ఆయన” అనేది.