టేపత్త ఒప్పుకుంది

వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడని అందరూ టేపత్త అంటారు. నిద్రలో తప్ప మెడలోంచి టేపు తియ్యదు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే ఊళ్ళో కబుర్లన్నీ చెబుతుంది, ఒక్క సూదీ జారదు. నలుగురు బిడ్డల్ని ఇట్టే కనేశానని మహా గొప్ప. "ఆపరేషన్లంటావా, ఈ కాలం పిల్లల ఒళ్ళుబద్ధకం" అని తేల్చేస్తుంది.

అలాంటి మనిషి స్కానింగ్ గదిలో, కడుపుతో ఉన్న కోడలి పక్కన నిలబడి డాక్టరమ్మతో వాదానికి దిగింది. "నొప్పులైనా రాకుండా కోతేమిటమ్మా? మేం కనలేదూ?"

డాక్టరమ్మ విసుక్కోలేదు. "బిడ్డ రక్తనాళాలు బొడ్డుతాడులో భద్రంగా ఉండాలి పెద్దమ్మా. ఈ అమ్మాయికి అవి ఏ కప్పూ లేకుండా, గర్భసంచి నోటికి అడ్డంగా, ఉమ్మనీటి పొరలో పాకాయి. నొప్పులొచ్చి పొర చిరిగితే అవీ తెగొచ్చు. పోయేది బిడ్డ రక్తం. ముందే తెలిసింది కనక, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి బిడ్డని కాపాడుకుందాం."

టేపత్త తెరమీద ఆ నాళాల ఎర్రగీతల్ని పరకాయించి చూసింది. "అంటే, గుడ్డ చిరిగే చోటే ప్రాణం పరుచుకుందన్నమాట" అంది మెల్లగా.

"అత్తయ్యా, వీధిలో అందరూ నవ్వుతారేమో" అంది కోడలు బిక్కమొహంతో.

"నవ్వితే వాళ్ళ పళ్ళే కనిపిస్తాయి. నువ్వు పడుకో."

అని పొట్టమీద చెయ్యి ఆనించీ ఆనించనట్టు పెట్టి వంగింది. "బంగారూ, నువ్వు తలుపు తట్టొద్దమ్మా. మేమే వచ్చి ఎత్తుకుంటాం."