వరద గీతకు జానెడు పైన

గోదారి మీద ఒట్టు. నవ్వకండి. ఆ గోదారి ఒడ్డునే ఇల్లు కొనుక్కున్నదాన్ని, దాని మీద దొంగ ఒట్టు వేసే ధైర్యం నాకు లేదు. పైగా నేను నర్సును. దుమ్ముగూడెం దగ్గర సర్కారు దవాఖానాలో నైట్ డ్యూటీలు చేసి చేసి చప్పుళ్లకు అలవాటు పడ్డ ప్రాణం నాది. తలుపు కొట్టుకుంటే గాలి అంటాను. పైన ఏదైనా పరుగెడితే ఎలుక అంటాను. కానీ ఆ రాత్రి... అది గాలి కాదు. ఎలుకా కాదు. మరేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.

ముందు గడియారం సంగతి చెప్పాలి. మా పెళ్లికి అన్నయ్య ఇచ్చిన గోడ గడియారం. జానెడు ఉంటుంది. పేరుకే గోడ గడియారం, పెళ్లయినప్పటి నుంచి అది గోడ ఎక్కనేలేదు. ఏ ఇంట్లో కిరాయికి దిగినా ఓనర్ల మొదటి మాట ఒకటే, గోడకు మేకు కొట్టొద్దు. ఫ్రిజ్ మీద, బీరువా మీద, ఒక ఇంట్లో అయితే బియ్యం డబ్బా మీద... పాపం అలా ఒరిగి ఒరిగే బతికింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అందుకే మా ఊరి ముత్తయ్య తాత ఏటి ఒడ్డున ఉన్న తన ఇల్లు అమ్ముతాడని తెలియగానే మా ఆయన వెంట పడ్డాను. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వరండా, పెరట్లో మునగ చెట్టు. మా ఆయన శీను ట్రాలీ ఆటో నడుపుతాడు. గోదారికి దూరంగా ఉండే తల్లాడ మనిషి. ఏటి ఒడ్డున ఇల్లంటేనే ఆయనకు గుండె దడ. దానికి కారణం గోడ మీదే కనబడుతోంది. నా తలకు కాస్త పైన, గది చుట్టూ, లేత మట్టి రంగులో వరద గీత. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ తేలుతుందట. తాత మొన్ననే సున్నం వేయించాడు. అంతలోనే గీత మళ్లీ బయటపడింది.

"కిరాయికుంటే సామానేసుకొని పోతం. కొన్నంక యాడికి పోతం? ఈడ ఇల్లు కొనుడంటే గోదారికి కిరాయికిచ్చినట్టే," అన్నాడు శీను.

నిజమే. కానీ ఆశ చావలేదు. తాత ఒకే షరతు పెట్టాడు. కొనేవాళ్లు ముందు ఒక రాత్రి ఆ ఇంట్లో నిద్ర చేయాలి. తెల్లారాక కొంటామో లేదో చెప్పేయాలి, ఎందుకంటే వేరేవాళ్లు కూడా అడుగుతున్నారు.

మంచి ఎండాకాలం. పొద్దు గూకక ముందే చాప, దిండ్లు, గడియారం పట్టుకుని వెళ్లాం. గడియారం ఎందుకని శీను నవ్వాడు. నేను పట్టించుకోలేదు. ఎక్కడ తగిలిస్తే బాగుంటుందా అని ముందు గది గోడంతా, వరద గీత పైదాకా, అరచేత్తో తడిమాను. చేతినిండా సున్నం అంటింది. ఆ గోడకు ఒక్క మేకు లేదు. చెబుతున్నాను కదా, తడిమి చూశాను... ఒక్కటి కూడా లేదు.

ముందు తలుపు గొళ్లెం పెట్టి లోపలి గదిలో పడుకున్నాం. శీను వెంటనే గురక మొదలుపెట్టాడు. బయట కీచురాళ్లు. నాకు ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు.

టక్.

కళ్లు తెరిచాను. కీచురాళ్లు ఆగిపోయాయి...

టక్... టక్...

ముందు గదిలోంచి. గోడకు మేకు కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడును నేను పోల్చుకోలేనా? ఇన్నేళ్లుగా ఎదురుచూసింది దానికోసమే కదా. తొందర లేదు. ఒక దెబ్బ... ఆగడం... మళ్లీ ఒక దెబ్బ. మేకు వంకర పోకుండా చూసుకుంటూ కొడుతున్నట్టు. తర్వాత ఎవరో అరచేత్తో గోడను నిమిరినట్టు... సర్ర్ర్... ఆ వెనకే వాసన. తడి ఒండ్రు వాసన. నడి ఎండాకాలంలో, వరద తీసిన ఇంటి వాసన.

శీనును లేపుదామని చెయ్యి చాచాను. లేపలేదు. లేపితే ఇల్లు పోతుంది. ఈ మనిషి ఆ చప్పుడు ఒక్కసారి వింటే చాప చుట్టేస్తాడు, ఇంక ఈ జన్మకు నాకు సొంతిల్లు లేదు. ఫోన్ లైటు వేసుకుని లేచాను.

గడప దగ్గర ఆగాను. ముందు గది ఖాళీ. తలుపుకు గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. లైటు మెల్లగా గోడ మీదికి ఎత్తాను... తెల్లటి సున్నం... ఇంకా పైకి... వరద గీత... దానికి జానెడు పైన...

మేకు.

తుప్పు పట్టిన పాత మేకు. కానీ దాని తల మీద సున్నం చుక్క లేదు. కింద నేల మీద మాత్రం చిటికెడు సున్నం రాలి ఉంది. మునివేళ్ల మీద లేచి, చెయ్యి చాచి... ముట్టుకున్నాను.

వెచ్చగా ఉంది.

ఆ రాత్రి మళ్లీ కన్ను మూయలేదు. తెల్లారి తాత రాగానే మేకు చూపించాను. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"నేను కొట్టలే బిడ్డా," అన్నాడు.

ఇంకేం అడిగినా, ఇంతకీ కొంటారా లేదా అన్నాడు. శీనుకు చప్పుడు సంగతి చెప్పకుండా మేకు ఒక్కటే చూపించాను. ముందే ఉండి ఉంటుంది, నువ్వే చూడలేదని కొట్టిపారేశాడు. నేను వాదించలేదు. ఇన్ని ఇళ్లు తిరిగితే ఒక్క ఓనరు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. ఈ ఇల్లు అడగకుండానే కొట్టి పెట్టింది. పిచ్చిదనుకోండి, నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. కొంటున్నామని నేనే చెప్పేశాను. లోను నా జీతం మీదే కదా. శీను గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. గడియారం గోడ ఎక్కింది. దాని అడుగు అంచు సరిగ్గా వరద గీత మీద ఆనింది.

ఆ వానాకాలమే గోదారి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక అన్నారు. సామానంతా ట్రాలీలో వేసుకుని మెరక మీదున్న బడికి చేరాం. గడియారాన్ని మాత్రం నేను తియ్యనివ్వలేదు. మేకు కొట్టినవాళ్లే చూసుకుంటారన్నాను. నా తిక్క అలాంటిది.

వరద తీశాక వెళ్లి చూస్తే ఇంటి నిండా బురద. గోడల మీద తడి పాత గీత దాకా వచ్చి ఆగిపోయింది. గడియారం అడుగు అంచుకు కాస్త మట్టి అంటింది. అంతే. పైన ముళ్లు తిరుగుతూనే ఉన్నాయి. దాన్ని చూసి శీను పగలబడి నవ్వాడు. ఆ బురదలో నిలబడి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

కడిగాం, ఆరబెట్టాం, మళ్లీ కాపురం పెట్టాం. మొదటి రాత్రి. ఒళ్లంతా నొప్పులే గానీ మనసు నిండుగా ఉంది. నిద్ర పట్టబోతోంది...

టక్.

ఈసారి శీను మేలుకొనే ఉన్నాడు. చీకట్లో నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"విన్నవా?"

"అవ్."

టక్... టక్... సర్ర్ర్...

ఇద్దరం కదలలేదు.

తెల్లారి చూస్తే రెండో మేకు. మొదటిదానికి జానెడు పైన.

శీను దాని కింద నిలబడి తలెత్తి చూశాడు. మళ్లీ కిరాయి ఇల్లు చూద్దామంటాడనుకున్నాను. ఆయన స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. గడియారం తీసి పై మేకుకు తగిలించాడు.

"ఏం జేస్తం, మన ఇల్లే గదా," అన్నాడు దిగుతూ.

అది మమ్మల్ని కాపాడుతోందో, పొమ్మని చెబుతోందో... తెలియదు. తాతను అడిగితే మాట మారుస్తాడు. కానీ ఏ కిరాయి ఇంట్లోనూ నేను ఇంత హాయిగా నిద్రపోలేదు, అది కూడా ఒట్టే. కింది మేకుకు శీను చొక్కా తగిలిస్తాడు. మళ్లీ వానలు దగ్గర పడుతున్నాయి, ఈసారి నీళ్లు జానెడు పైకి వస్తాయనేనేమో ఆ రెండో మేకు. పడుకునే ముందు ఇద్దరం ఒకసారి గోడ వంక చూసుకుంటాం. ఆ రెండో మేకుకు పైన ఇంక జానెడు గోడే మిగిలి ఉంది. ఆ పైన పెంకులు.