ఫ్లష్ చప్పుడు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పని నీళ్ళు వదలడం, నీళ్ళు ఆపడం. కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఎక్కువ కాలం దివిసీమలోనే తిరిగాను. ఏ లాకు దగ్గర ఏ షట్టర్ ఎంత ఎత్తాలో, కాలవ చివరి భూములకు తడి అందాలంటే పైన ఎవరితో ఎంత పోట్లాడాలో నాకు తెలుసు. రైతులు నా మోటారు సైకిల్‌కి అడ్డం నిలబడి తిట్టిన రోజులున్నాయి. దండ వేసిన రోజు ఒక్కటీ లేదు. అలాంటివాణ్ణి, రిటైరై బందరులో ఇల్లు కట్టుకున్నాక, సొంత బాత్రూంలో కమోడ్ వెనక ఉన్న చిన్న తెల్ల ట్యాంకులోంచి కారే నీళ్ళను ఆపలేక ఈ వేసవంతా ఏడ్చాను. ఏడ్చానంటే మాటవరసకు అనడం లేదు.

మా ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. కిందటేడు నుంచి డయాలసిస్ చేయిస్తున్నాం. మొదట్లోనే డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఇంకా కొంచెం యూరిన్ వస్తోంది కదండీ, అది వస్తున్నన్నాళ్ళు వారానికి రెండుసార్లు చేస్తే చాలు. ఆగిపోతే మటుకు మూడుసార్లు చెయ్యాలి. తాగే నీళ్ళు కూడా బాగా తగ్గించాలి" అన్నారు. ఆయన చెప్పినవాటిలో మిగతావన్నీ మర్చిపోయాను. ఆ 'కొంచెం' అన్న మాట మాత్రం పట్టుకున్నాను. నా ఆశంతా దానిమీదే పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ కింద కూర్చోలేదని పాత బేసిన్ పీకించి నేను కమోడ్ పెట్టించింది అప్పుడే. ప్రతి పొద్దునా ఆవిడ బాత్రూంలోకి వెళ్ళేది. నేను వంటింట్లో పాలు కాస్తూ వినేవాణ్ణి. తలుపు గడియ, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఫ్లష్ చప్పుడు. అది వినబడ్డాకే నాకు ఊపిరి ఆడేది. బయటికి రాగానే "వచ్చిందా?" అని అడిగేవాణ్ణి. "వచ్చిందండీ, కొంచెం" అనేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేము ఇలాంటి సంగతులు మాట్లాడుకున్నవాళ్ళం కాదు. ఇప్పుడు తెల్లారి లేస్తే మా మొదటి మాట అదే అయింది.

వేసవి రాగానే ఎప్పట్లాగే నీళ్ళు ఆపి కాలవ కట్టేశారు. నా చేతుల మీదుగా ఎన్నోసార్లు కట్టించినదే, కట్టేస్తే ఊళ్ళో ఏమవుతుందో రిటైరయ్యాకే బాగా తెలిసింది. కాలవలో నీళ్ళుంటే చెరువు నిండుతుంది, చెరువు నిండితే కుళాయి వస్తుంది. కట్టేశాక ఆ చెరువు నీళ్ళనే జాగ్రత్తగా రోజు విడిచి రోజు వదులుతారు. పోనీ బోరు వేసుకుందామా అంటే మా ఊళ్ళో బోరు నీళ్ళు పుక్కిలించడానికి కూడా పనికిరావు, అంత ఉప్పు. అందుకని మా వీధిలో అందరూ చేసే పనే నేనూ చేశాను. ప్లంబర్ని పిలిచి బాత్రూం పైపును బోరుకు కలిపించి, కుళాయి నీళ్ళు వంటింటికి మాత్రమే ఉంచాను. మంచినీళ్ళు కమోడ్‌లో పోయడమంటే మా వైపు వాళ్ళకు అన్నం తొక్కినట్టే. పైగా అన్నేళ్ళు చివరి భూముల కోసం కొట్టుకున్నవాణ్ణి, ఒక్క చెంబు మిగిల్చినా గెలిచినట్టు ఉంటుంది నాకు.

ఆ గెలుపు ఎన్నాళ్ళో నిలవలేదు. ఫ్లష్ నొక్కాక నీళ్ళు ఆగడం మానేశాయి. ట్యాంకులోంచి కమోడ్‌లోకి సన్నగా ధార. ట్యాంకు నిండదు, నిండడానికి పైనుంచి ఇంకా నీళ్ళు దిగుతూనే ఉంటాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే సొద. కింద చిన్న కాక్ ఉంటుంది కదా, దాన్ని కట్టేద్దామని తిప్పితే నా చేతిలోకి ఊడొచ్చింది. ఉప్పు తినేసింది. తిరిగి పెట్టి తిప్పితే ఎటు తిప్పినా తిరుగుతుంది, నీళ్ళు మాత్రం ఆగవు. డాబా మీది వాల్వు కట్టేస్తే బాత్రూం మొత్తానికీ నీళ్ళుండవు.

నా బాధ నీళ్ళు పోతున్నాయని కాదు. బోరు నీళ్ళు పోతే పోయాయి. మా ఆవిడకు రోజంతటికీ చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇస్తాను మంచినీళ్ళు. మందులు వేసుకోవడానికీ అవే, గొంతు తడుపుకోవడానికీ అవే. మధ్యాహ్నం వేడికి నాలుక అంటుకుపోతుంటే చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. అలాంటి మనిషి పడుకున్న గదికి, ఆ బాత్రూంకి మధ్య ఒక్క గోడే అడ్డం. గోడ అవతల రోజంతా నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది. నన్ను చూసి, "ఏవండీ, ఆ నీళ్ళు ఎలాగైనా ఆపండి. ఆ చప్పుడు వింటుంటే దాహం ఆగట్లేదు" అంది. ఆవిడ నన్ను ఏదైనా కావాలని అడగడం చాలా అరుదు. నాకు గుండె చెరువైంది.

ప్లంబరుకు ఫోన్ చేశాను. వచ్చాడు, చూశాడు, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు, "సామాను తెస్తానండీ" అని వెళ్ళాడు. తర్వాత ఎప్పుడు చేసినా "దారిలో ఉన్నానండీ" అనేవాడు. అతని దారి ఏ ఊళ్ళ మీదుగా ఉందో గానీ మా ఇంటికి మాత్రం రాలేదు. విసిగిపోయి నేనే దిగాను. బందరులో దొరికిన వాషరల్లా తెచ్చి వేశాను. ట్యాంకు మూత తీసి, చొక్కా విప్పి, మోచేతుల దాకా చేతులు పెట్టి, వేళ్ళు చెక్కుకుపోయేదాకా పనిచేశాను. వేసినప్పుడు ఆగేది. వాషరు మీద తెల్లగా ఉప్పు పేరుకోగానే మళ్ళీ మొదలయ్యేది. తల ప్రాణం తోకకొచ్చింది.

గుడివాడలో మా బావమరిదికి శానిటరీ సామాన్ల షాపుంది. బస్సెక్కి అక్కడికి వెళ్ళాను. ట్యాంకు లోపలి పాత సెట్టు విప్పి సంచీలో వేసుకెళ్ళి బల్ల మీద పెడితే, దాన్ని గోటితో గీరి చూసి నవ్వాడు.

"ఇదేంటి బావా, ఉప్పు కొటారులోంచి తీసుకొచ్చావా?"

"నవ్వుతావేంటయ్యా, కొత్త సెట్టివ్వు."

"ఇస్తాను. కానీ ఆ నీళ్ళే పోస్తే ఇది కూడా ఇంతే. కుళాయి నీళ్ళు కలిపించు బావా, దెబ్బకి ఆగుద్ది."

"కాలవ కట్టేసుంటే కమోడ్‌లో మంచినీళ్ళు పొయ్యమంటావా? నీకు బుద్ధుందా?" అని అరిచాను. షాపుకి వచ్చినవాళ్ళు నా వైపు తిరిగి చూశారు. అతనేమీ అనుకోలేదు. టీ తెప్పించి, గొంతు తగ్గించి, "అక్కకెట్టా ఉంది?" అని అడిగాడు.

"ఇంకా వస్తోందయ్యా. పొద్దున్నే వెళ్తోంది" అన్నాను. చెప్తుంటే నాకే గర్వంగా అనిపించింది. అతని మొహం కూడా వెలిగింది. "అదొక్కటి ఉంటే చాలు బావా" అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

కొత్త సెట్టు బిగించాను. ఇల్లు నిశ్శబ్దమైంది. ఆవిడ చెవుల్లోంచి దూది తీసేసి హాయిగా నిద్రపోయింది. ఆ సంబరం వారం తిరక్కుండానే చల్లారింది. మళ్ళీ అదే సొద.

ఇక్కడితో అయితే బాగుండేది. ఆసుపత్రిలో మంచం ఎక్కించే ముందు బరువు చూస్తారు. ఈ వేసవిలో వెళ్ళినప్పుడల్లా బరువు పెరుగుతూ వచ్చింది. కాళ్ళు ఉబ్బాయి, వేలు పెట్టి నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. నర్సమ్మ, "అమ్మా, నీళ్ళు ఎక్కువ తాగేస్తున్నారు మీరు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కష్టమండీ" అని గట్టిగానే చెప్పింది. మా ఆవిడ తల వంచుకుని "వేసవి కదమ్మా" అంది. ఆటోలో వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే నిలదీశాను. నేను నిద్రపోయినప్పుడు ఫ్రిజ్‌లో సీసా తీస్తున్నావా అన్నాను. ఇంత చేస్తుంటే నన్నే మోసం చేస్తావా అన్నాను. ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచి గ్లాసు నిండా పోయడం మానేసి కాస్త తక్కువే పోసి ఇచ్చాను. ఆవిడ అదీ తీసుకుంది. గోడ అవతల నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఎండలు ముదిరాక ఒక రోజు లేచేసరికి ధార పెద్దదైపోయింది. డాబా మీద బోరు ట్యాంకు ఖాళీ. మోటారు వేసి, అది నిండే లోపలే మళ్ళీ ఖాళీ అవుతుంటే, నాకు ఎవరిని కొట్టాలో తెలియలేదు. మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చింది ఆ రోజే. ఏడ్చి లేచి, ఇక చాలనుకున్నాను. కాలవ కట్టేస్తే కట్టేశారు, మంచినీళ్ళే పోద్దాం, ఆవిడ కంటికి నిద్ర వస్తే అంతే చాలు. పైన వాల్వు కట్టేసి, బాత్రూంకి కుళాయి పైపు కలిపి, ఫ్లష్ ట్యాంకు గోడ నుంచి ఊడదీసి వరండాలో పెట్టి ఉప్పు గీకడం మొదలుపెట్టాను.

ఆవిడ లేచి బాత్రూం వైపు వచ్చింది. గోడ మీద ట్యాంకు లేకపోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవాళ ఫ్లష్ ఉండదు. బకెట్ నిండా నీళ్ళు పెట్టాను, మగ్గుతో పోసెయ్యి" అన్నాను.

"ఇప్పుడేం వద్దులెండి."

"లేచాక వెళ్ళలేదుగా. వెళ్ళిరా. నేనింకా చాలాసేపు పని చెయ్యాలి."

కాసేపు నా మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను గీకుతూనే ఉన్నాను. ఎప్పుడూ పట్టేంతసేపు పట్టాక బయటికి వచ్చి, వెళ్ళి మంచం మీద కూర్చుంది. కాక్ బిగించడానికి స్పానరు పట్టుకుని నేను లోపలికి వెళ్ళాను.

బకెట్ నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. నీళ్ళు అంచును తాకుతూ ఉన్నాయి. మగ్గు పొడిగా ఉంది. కమోడ్‌ను నేను పొద్దున గుడ్డతో తుడిచాను, అది తుడిచినట్టే ఉంది. నేల మీద ఎక్కడా తడి లేదు. మొదట ఏదో మర్చిపోయిందనుకున్నాను. మగ్గు చేతిలోకి తీసుకుని చూశాను. అప్పుడు ఆసుపత్రిలో పెరిగిన బరువు, ఉబ్బిన కాళ్ళు, తాగని నీళ్ళకు నేను తిట్టిన తిట్లు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ నేల మీదే కూర్చుండిపోయాను.

ఎంతసేపటికో లేచి గదిలోకి వెళ్ళాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి ఉంది.

"ఎప్పట్నించి?" అన్నాను.

"కాలవ కట్టకముందు నుంచేనండీ."

"మరి రోజూ ఫ్లష్..."

"ఊరికే నొక్కేదాన్ని." కిటికీ వైపే చూస్తూ, "మీరు వంటింట్లో పాలు పొంగుతున్నా చూసుకోకుండా, చెవులు ఇటు పెట్టి నిలబడేవారు కదండీ. ఇవాళ రాలేదని ఎన్నిసార్లు చెప్పను మీకు?" అంది.

ఆవిడ పక్కన కూర్చున్నాను. "నీళ్ళు తాగావని తిట్టానే" అన్నాను. "పోనీండి" అంది. గ్లాసులో మిగిలిన నీళ్ళు ఇచ్చాను. మొత్తం తాగకుండా కొంచెం ఉంచింది. రేపు డాక్టరుగారికి చెప్పాలి, వారానికి మూడోసారి డయాలసిస్ కూడా మొదలవుతుంది, గ్లాసు ఇంకా చిన్నదవుతుంది. ఇదంతా మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మళ్ళీ వరండాలోకి వెళ్ళి పని పూర్తి చేశాను. ఇంకేం చెయ్యగలను? ట్యాంకు బిగించి, కొత్త వాషరు వేసి, మంచినీళ్ళు వదిలాను. నిండాక ఒకసారి నొక్కి చూశాను. నీళ్ళు దిగి, మళ్ళీ నిండి, ఆగాయి. చెవి పెట్టి విన్నాను. చుక్క కారడం లేదు. బావమరిది చెప్పినట్టు దెబ్బకు ఆగింది. ఇల్లంతా వినబడేలా నిశ్శబ్దం.

"అయిందాండీ?" అంది గదిలోంచి.

"అయింది" అన్నాను.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా ఆవిడ బాత్రూంలోకి వెళ్ళింది. గడియ చప్పుడైంది. మొహం కడుక్కుని, తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నేను ఏమీ అడగలేదు. ఆవిడ ఫ్లష్ నొక్కలేదు.