ఉమ్మడి రిసెప్షన్

పోయిన ఆదివారం మా అమ్మాయి రిసెప్షన్ సంగతి మాట్లాడటానికి కలకత్తా న్యూ టౌన్‌లో ఒక ఈవెంట్ కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. మా బడ్జెట్ వినగానే అక్కడి ఆవిడ మొహంలో సగం నవ్వు మాయమైంది. కాసేపు కంప్యూటర్లో వెతికి, అదే సాయంత్రానికి అదే హాలు అడుగుతున్న ఇంకో కుటుంబం ఉందనీ, వాళ్లతో కలిస్తే స్టేజీ, వంట, లైట్లు అన్నీ సగం ధరకే వస్తాయనీ చెప్పింది. మావారు లాటరీ తగిలినట్టు నా వైపు చూశారు. నేను లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. ఏసీ పడలేదేమో అనుకున్నారట. కాసేపటికి తిరిగొచ్చి, మన బిల్డింగు డాబా మీద పప్పన్నం పెట్టినా సరే, ఇంకొకరితో స్టేజీ పంచుకునేది మాత్రం లేదని చెప్పాను. కారణం ఆవిడ ముందు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా నాన్న హౌరాలో మున్సిపాలిటీ మంచినీళ్ల పైపుల గ్యాంగులో పనిచేసేవాడు. టికియాపారా దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. వాన పడితే ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చేవి. ఊరందరికీ కొలాయిలో వస్తే మనకి గుమ్మంలోంచే వస్తాయని అమ్మ వేళాకోళం చేసేది. నాన్నకి ఒక్కడే అన్న. బ్యాంకులో ఆఫీసరు. అప్పుడే న్యూ టౌన్‌లో ఫ్లాటు కొన్నాడు. ఆయన విజిటింగ్ కార్డు నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. చెమటకి మెత్తబడిపోతే వెళ్లి కొత్తది అడిగి తెచ్చుకునేవాడు. ఆ కార్డుతో ఎవరినీ ఏ పనీ అడిగింది లేదు. టీ కొట్టు దగ్గర తీసి చూపించడానికే అది.

మా చెల్లెలికి షాలిమార్ రైల్వే గూడ్స్ షెడ్డులో పనిచేసే అబ్బాయితో పెళ్లి కుదిరింది. ఆ నెలలోనే పెదనాన్న కూతురి పెళ్లి కూడా. రెండు పెళ్లిళ్లూ శ్రీకాకుళం వైపే జరిగాయి. కలకత్తాలో రిసెప్షన్ మాత్రం ఇద్దరికీ కలిపి చేద్దామని పెదనాన్నే ఫోన్ చేశాడు. ఒకే హాలు, ఒకే వంట, ఖర్చు చెరిసగం. నాన్న ఆ రాత్రి క్వార్టర్స్‌లో గడపగడపకీ వెళ్లి, అన్నియ్యే అడిగినాడని చెప్పుకొచ్చాడు. ఫ్లాటు అప్పుతో పెదనాన్న చేతులూ ఖాళీగానే ఉన్నాయనీ, ఆయన గొప్పకి సగం డబ్బు పెడుతున్నది ఈయనేననీ నాన్నకి తట్టనే లేదు. నాకు తట్టింది. చెబితే కసిరాడు.

ఇక రోజుకొకటి చొప్పున ఫోన్లో షరతులు దిగాయి. రిసెప్షన్ కార్డు మీద మా వాళ్ల పేర్లు అడుగున, చిన్న అక్షరాల్లో. మా కాలనీ బ్యాండు వద్దు. లూచీ పూరీలు, ఫిష్ ఫ్రై, మాంసం ఉన్నాయి కాబట్టి పులిహోర దండగ. మావాళ్లు పెందలాడే తింటారు కాబట్టి ఆరింటికే వచ్చి తినేసి వెళ్లిపోతే, ఎనిమిదింటికి బ్యాంకు వాళ్లు వచ్చేసరికి హాలు తెరిపిగా ఉంటుందట. ఈ ఆఖరుది చెప్పింది మా పెద్దమ్మ, ఎంతో అభిమానంగా. అన్నిటికీ నాన్న ఒకటే మాట, సరే అన్నియ్యా. చెల్లెలు ఒక్కటే అడిగింది. నీలం పట్టుచీర కట్టుకుని, అందరికీ కనబడేలా స్టేజీ మీద కూర్చోవాలని. అంతకంటే ఏమీ అడగలేదు పిచ్చిపిల్ల.

ఆ సాయంత్రం హాల్లోకి అడుగుపెట్టగానే స్టేజీ మధ్యలో ఎర్ర మఖమలు సోఫా ఒకటి, దాని పక్కన తెల్లగుడ్డ తొడిగిన ప్లాస్టిక్ కుర్చీలు రెండు కనిపించాయి. సోఫా ఒక్కటే దొరికిందన్నాడు పెదనాన్న. దానిలో ఎవరు కూర్చుంటారో ఎవరూ అడగలేదు. ఎనిమిది దాటాక బ్యాంకు జనం వచ్చారు. హాలంతా సెంటు వాసన, రజనీగంధ వాసన కలిసి ముక్కు పుటాలు మండాయి. వచ్చినవాళ్లు సోఫా దాకా వెళ్లి, పూలగుత్తి ఇచ్చి, ఫోటో దిగి, అటునుంచే దిగిపోతున్నారు. చెల్లెలు వచ్చిన ప్రతివాళ్లకీ లేచి దండం పెడుతోంది. ఒక్కరు ఇటు తిరిగితే ఒట్టు. ఈలోగా ఫోటోగ్రాఫరు బెంగాలీలో, "దీదీ, ఎక్టూ షోరే బోషున్," అన్నాడు. ఫ్రేములో అడ్డొస్తున్నారు, కాస్త జరగమని. జరిగింది. మళ్లీ అన్నాడు. మళ్లీ జరిగింది. మా మరిది కూడా తన కుర్చీ లాక్కుంటూ వెనకాలే. చివరికి ఇద్దరూ స్టేజీ అంచున, స్పీకరు డబ్బా పక్కకి చేరారు. నీలం చీర సగం డబ్బా వెనకే ఉండిపోయింది.

నాన్న కింద మా వాళ్ల ఆఖరి బంతికి వడ్డన చూస్తున్నాడు. తలెత్తి చూశాడు. చేతిలో గరిటె పక్కనపెట్టి, చేతులు తుడుచుకుని, మెట్లెక్కాడు. చెల్లెల్ని లేవమని, రెండు కుర్చీలూ రెండు చేతులా ఎత్తి తెచ్చి సోఫాకి ఆనించి వేశాడు.

"ఫోటోలు పాడైపోతాయిరా," అన్నాడు పెదనాన్న పళ్లు బిగించి.

"పాడైతే పాడైపోనీ అన్నియ్యా. నా పిల్ల ఇక్కడే కూసుంటాది," అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. పుట్టి బుద్ధెరిగి అన్నకి ఎదురు చెప్పడం అదొక్కసారే.

పెదనాన్న చుట్టూ చూశాడు. ఆయన మేనేజరు, భార్యతో సహా, మెట్ల మీదే ఆగిపోయి ఉన్నాడు. పెదనాన్న నవ్వు మొహం పెట్టి, మా తమ్ముడు కాస్త తాగి ఉన్నాడు, ఏమీ అనుకోకండి అని బెంగాలీలో చెప్పాడు. మా నాన్న జన్మలో మందు ముట్టలేదు. గ్యాంగులో అందరూ తాగి పడుంటే వాళ్లని ఇళ్లకి చేర్చేది ఆయనే. ఆ మాట నాన్న విన్నాడు. కిందికి దిగి మళ్లీ గరిటె పట్టుకున్నాడు. నేను బయటికి పరిగెత్తి నాలా పక్కన వాంతి చేసుకున్నాను. ఆ చేప తేడా చేసి ఉంటుందన్నారు అందరూ. ఆ రోజు నుంచి పెదనాన్న కాళ్లకి నేను దండం పెట్టింది లేదు.

నాన్న మాత్రం పండక్కి పండక్కీ అన్నగారింటికి వెళ్లొచ్చేవాడు. వాళ్ల బ్యాంకు జనంలో, బంధువర్గంలో చివరిదాకా నాన్న రిసెప్షన్లో తాగొచ్చిన తమ్ముడే. మొన్నామధ్య నాన్న పోయాడు. పదో రోజున పెదనాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. నలుగురి మధ్యా కూర్చుని కళ్లు ఒత్తుకున్నాడు.

"పాపం తమ్ముడు. ఆ రిసెప్షన్ రోజు తాగిన మైకంలో నన్ను అంతమందిలో మాటన్నాడు. నేనేనాడూ మనసులో పెట్టుకోలేదమ్మా," అన్నాడు.

నటన ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆ మొహంలో వెతికాను. లేదు. ఆ కన్నీళ్లు నిజమైనవే. నాన్న తాగలేదు పెదనాన్నా అన్నాను. సరేలే తల్లీ, ఇప్పుడవన్నీ ఎందుకని నా తల నిమిరాడు. ఎంత పెద్ద మనసో అన్నట్టు చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. కాలం గడిచేకొద్దీ అబద్ధం దానంతటదే చచ్చిపోతుందని అనుకునేదాన్ని. ఇన్నేళ్లలో అది ఆయనకి జ్ఞాపకమైపోయింది.